లోహం ముచ్చట: ఖోకా మెడ ఎందుకు చిట్లుతది?

(ఇనుము, ఇత్తడి, రాగి మీద పాఠకుల సందేహాలకు జవాబులు. ఈ శీర్షిక రాస్తున్నవారు సైన్యంలో ఆయుధాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో తుపాకులు చూసుకునే ఆర్మరర్‌గా చేసి, ఇప్పుడు హనుమకొండలో చిన్న వర్క్‌షాపు నడుపుకుంటున్నారు.)

ప్రశ్న: సార్, మా అల్లుడు అమెరికాల, టెక్సస్‌ల ఉంటడు. సెలవు దొరికితే చాలు, రైఫిల్ రేంజికి పోయి గురి కొడ్తడు. కాల్చినంక తూటాల ఖాళీ ఇత్తడి కేసులు పారేయకుండ మళ్ల ఆయనే నింపుకుంటడట. అక్కడ అది మామూలేనట. మొన్న వీడియో కాల్‌ల చూపించిండు, నాలుగైదు సార్లు నింపేసరికే మూతి దగ్గర నిలువునా చీలిక వస్తున్నది. .308 అని ఏదో నంబరు చెప్పిండు. మా పుట్టింటోళ్లది పెంబర్తి, ఇత్తడి పని. మా తమ్ముణ్ని అడిగితే "రేకు మొండికేస్తే మేం కాలుస్తం, మెత్తగైతది, దాన్నీ గట్లనే కాల్చమను" అన్నడు. ఆ మాట అల్లునికి చెప్పాల్నా, వద్దా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నూటికి నూరుపాళ్లు నిజం. మిగిలిన సగం మాత్రం మీ అల్లుడి కంటికీ చేతికీ ముప్పు తెచ్చేది. అందుకే ఈసారి ఈ ఒక్క ఉత్తరానికే ఎక్కువ జాగా తీసుకుంటున్నాను.

మా ఫౌజులో ఈ ఖాళీ కేసును ఖోకా అంటాం. ఫైరింగు అయిపోయాక ఖోకాలన్నీ ఏరి, లెక్కపెట్టి, తిరిగి అప్పజెప్పాలి. ఒకటి తక్కువైతే ఇక అందరం మోకాళ్ల మీద కూర్చుని గడ్డి వెతకాల్సిందే. మేం వాటిని మళ్లీ నింపింది లేదు, కానీ కాలిన ఖోకాను చూస్తే తుపాకీ ఆరోగ్యం తెలుస్తుంది కాబట్టి వాటిని తిప్పి తిప్పి చూడటం ఆర్మరర్ పని. నేను ఎక్కువగా చూసింది మా రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్‌ది, 7.62 ఖోకా. రెండూ తూటా సైజుల పేర్లే, మీ అల్లుడి .308 ఆ 7.62కు తోబుట్టువే.

కేసు ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. మందు అంటుకున్నప్పుడు లోపల చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల దాకా ఒత్తిడి పుడుతుంది. ఆ దెబ్బకు కేసు ఉబ్బి తుపాకీ ఛాంబరు, అంటే తూటా కూర్చునే గది, గోడకు అతుక్కుంటుంది. అలా అతుక్కోవడం వల్లే వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా ఆగుతుంది. ఒత్తిడి పోగానే ఇత్తడి ఒక వెంట్రుకవాసి వెనక్కి తగ్గుతుంది, కేసు ఊడి బయటికొస్తుంది. అయితే పాత కొలతకు మాత్రం రాదు. అందుకే మళ్లీ నింపే ముందు దాన్ని డై అనే ఉక్కు అచ్చులోకి నెట్టి నొక్కుతారు. మెడను అవసరమైన దానికంటే సన్నగా నొక్కి, మళ్లీ లోపలి నుంచి ఒక గుండును లాగి సరైన కొలతకు వెడల్పు చేస్తారు. అంటే ఒక్కసారి కాల్చి నింపేసరికి మెడ దగ్గరి ఇత్తడి బయటికి పోయి, లోపలికి వచ్చి, మళ్లీ బయటికి పోయింది. ఇదంతా చల్లగా ఉండగానే. పెంబర్తిలో లక్క మీద రేకు పరిచి సుత్తితో కొడుతుంటే కాసేపటికి అది ఎందుకు మొండికేస్తుందో, మెడ గట్టిపడటానికీ అదే కారణం. గట్టిపడ్డ ఇత్తడికి సాగే గుణం పోతుంది. సాగలేనిది చీలుతుంది.

కాబట్టి కాల్చడం మందే. దీన్నే అనీలింగ్ అంటారు. అయితే పెంబర్తిలో రేకు మొత్తాన్ని ఎర్రగా కాలుస్తారు. ఇక్కడ అలా చేశారంటే కొంప మునుగుతుంది. కేసు అడుగు, అంటే ప్రైమర్ (సూది దెబ్బకు మందును అంటించే చిన్న బిళ్ల) కూర్చునే మందపాటి భాగాన్ని, ఫ్యాక్టరీలో కావాలనే చల్లగా ఒత్తి గట్టి చేస్తారు. ఆ అడుగుకు ఛాంబరు గోడ ఆసరా పూర్తిగా ఉండదు, దాని గట్టిదనమే దానికి రక్ష. అది మెత్తబడ్డదంటే ఆ ఒత్తిడికి సాగి తెగుతుంది, వాయువు ముఖం మీదికే కొడుతుంది. సెగ తగలాల్సింది మెడకూ, దాని కింద కేసు వెడల్పయ్యే వాలుకూ, అంటే భుజానికీ మాత్రమే, అదీ కొన్ని సెకన్లే. కేసు మొత్తాన్ని ఓవెన్‌లోనో కొలిమిలోనో పెట్టే ఆలోచన కూడా రానివ్వొద్దని చెప్పండి.

పద్ధతులు చాలా ఉన్నాయి. పాతవాళ్లు కేసు అడుగును ఉత్తి వేళ్లతో పట్టుకుని, మెడను కొవ్వొత్తి మంటలో తిప్పేవాళ్లు. వేళ్లు తాళలేనంత వేడి రాగానే నీళ్లలో వేసేవాళ్లు. వేళ్లు కాలకముందే వదిలేస్తారు కాబట్టి అడుగు మెత్తబడే భయం లేదు. మెడ సరిగా మెత్తబడిందా లేదా అన్నదే అనుమానం. ఇంకొందరు పళ్లెంలో నీళ్లు పోసి, కేసులను సగం దాకా నీళ్లలో నిలబెట్టి, మెడకు గ్యాసు టార్చి చూపి పక్కకు దొర్లిస్తారు. ఇప్పుడు యంత్రాలూ వచ్చాయి. నన్నడిగితే, ఫలానా వేడికి రంగు మారే పూతలు దొరుకుతాయి, వాటిని కొనుక్కోమంటాను. 400 డిగ్రీల సెల్సియస్ పూత మెడ లోపల, 230 డిగ్రీల ప్రాంతంలో మారేది ఒంటి సగంలో రాసుకోవాలి. మెడది మారాలి, ఒంటిది మారకూడదు. పూత లేకపోతే దీపం ఆర్పిన గదిలో చేయాలి. టార్చి మంటలో కేసును తిప్పుతూ ఉంటే మూతి అంచున ఎరుపు ఉందా లేదా అన్నట్టు తోచే ఒక క్షణం వస్తుంది. అక్కడే ఆపాలి. కళ్లకు స్పష్టంగా ఎర్రగా కనిపించిందంటే ఎక్కువైనట్టే. అలా ఎక్కువ కాలిన మెడ బుల్లెట్టును బిగించి పట్టుకోలేదు. సెగ చూపే ముందు పాత ప్రైమరు తీసేసి ఉండాలి, పేలనిదేదీ ఆ బల్ల దరిదాపుల్లో ఉండకూడదు. ఇది వేరే చెప్పనక్కర్లేదు కానీ చెబుతున్నాను.

ఎన్నిసార్లకు ఒకసారి? ప్రతిసారీ చేసేవాళ్లున్నారు, మూడు నాలుగు సార్లకు ఒకసారి చేసేవాళ్లున్నారు. ఏదైనా సరే, ఒక పెట్టెలోని కేసులన్నిటికీ ఒకేలా జరగాలి. ఒకే పెట్టెలో కొన్ని తుపాకీలో రెండుసార్లు పేలినవి, కొన్ని ఆరుసార్లు పేలినవి కలిపేస్తే ఏది ముసలిదో ఏది కుర్రదో ఎవరికీ తెలియదు. పెట్టె మీద ఒక చీటీ అంటించి, తుపాకీలో పేల్చినప్పుడల్లా గీత పెట్టుకోమనండి. అందులో ఒకటి చిట్లిందంటే మిగతావీ అదే దారిలో ఉన్నాయని అర్థం.

ఇంతవరకూ మీరడిగింది. ఇప్పుడు మీరు అడగనిది. నాలుగైదు సార్లకే మెడలు చిట్లుతున్నాయంటే ఆ కేసులను కొలతకు మించి నలుపుతున్నారేమోనని నా అనుమానం. డై మెడను మరీ సన్నగా నొక్కి, ఆ తర్వాత గుండు మరీ ఎక్కువ వెడల్పు చేస్తుంటే, ఎన్నిసార్లు కాల్చి మెత్త చేసినా అది మళ్లీ గట్టిపడుతూనే ఉంటుంది. అవసరమైనంతే నొక్కే బుషింగ్ డైలు ఉంటాయి. మెడ లోపల కాస్త పొడి గ్రాఫైటో, మైకానో రాస్తే గుండు జారుగా వస్తుంది, మెడను పట్టి లాగదు. భుజాన్ని కూడా ఛాంబరులో పట్టేంత మాత్రమే, ఒక 0.05 మిల్లీమీటరు వెనక్కి నెడితే చాలు. "గట్టిగా నొక్కితే మంచిది" అని డైని అడుగుదాకా బిగించి కూర్చునేవాళ్లే కేసులను తొందరగా చంపుతారు.

అలా నొక్కితే వచ్చే రోగం మెడకు కాదు, అడుగుకు వస్తుంది. మీ అల్లుడు మీకు చూపించిన చీలిక కంటికి కనిపించేది, దానివల్ల మహా అయితే ఒక కేసు పోతుంది. నేను భయపడేది కనిపించని దానికి. భుజం ఎక్కువ వెనక్కి పోతే, పేలినప్పుడు కేసు ముందు భాగం ఛాంబరుకు అతుక్కుని, అడుగు వెనక్కి జరుగుతుంది. రెంటి మధ్య, అడుగు నుంచి సుమారు సెంటీమీటరు పైన, గోడ సాగి సాగి లోపలి వైపు పలచబడుతుంది. బయట ఒక్కోసారి ఆ చోట చుట్టూ మెరిసే సన్నని గీత కనిపిస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు. దీనికి ఆర్మరర్ల పరికరం ఒక తీగ ముక్క. కాగితాలు పట్టించే క్లిప్పును నిటారుగా చేసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, ఆ కొసను ఆకురాయితో పదును పెట్టాలి. దాన్ని మూతిలోంచి అడుగుదాకా దించి, గోడకు ఆనించి మెల్లగా పైకి లాగాలి. మంచి కేసులో నున్నగా వస్తుంది. పలచబడ్డ కేసులో ఆ సెంటీమీటరు చోట కొస టక్కున ఒక గాడిలో దిగి ఆగుతుంది. ఆ టక్కు ఒక్కసారి వేలికి తెలిస్తే మళ్లీ మర్చిపోరు. నమ్మకం కుదరకపోతే ఒకదాన్ని హ్యాక్సా రంపంతో నిలువునా కోసి చూసుకోమనండి, గాడి కళ్లకే కనిపిస్తుంది. అలాంటి కేసుకు సెగ మందు కాదు. పలచబడ్డ గోడ కాల్చితే మందం కాదు. పటకారుతో నలిపి పాతసామాన్లలో పడేయాలి, నలపకపోతే ఎవరో ఒకరు ఏరుకుని నింపుతారు.

ప్రైమరు గుంట వదులైనా అంతే, ఒత్తిడి ఎక్కువై అడుగు సాగిందని అర్థం. ఆ కేసు పని అయిపోయింది, మందు మోతాదు తగ్గించుకోవాలని కూడా అది చెబుతోంది. కేసు పొడవు మాత్రం కొలిచి కత్తిరించుకోవచ్చు. .308కి గరిష్ఠం 51.18 మిల్లీమీటర్లు. అది దాటితే మూతి తుపాకీ గొట్టం మొదట్లో ఇరుక్కుని ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. 50.93కు కత్తిరించి, అంచును నున్నగా గీకి ఉంచుకుంటే సరి.

ఇన్ని మాటలు వీడియో కాల్‌లో చెప్పలేరు, ఈ పేజీని ఫొటో తీసి పంపండి. పెంబర్తి తమ్ముడికి నా నమస్కారం చెప్పండి, ఆయన సగం మాత్రం బంగారం.

ప్రశ్న: సార్, నేను పాలిటెక్నిక్ మెకానికల్ చదువుతున్నాను. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుందని వర్క్‌షాపులో చేసి చూపించారు. ఇత్తడిని కాల్చి నీళ్లలో వేస్తే మెత్తగా ఎందుకుంటుంది? ఇద్దరు సార్లు రెండు రకాలుగా చెప్పారు.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, ఉక్కులో వేడికి లోపలి స్ఫటికాల అమరికే మారిపోతుంది. దాన్ని గబుక్కున చల్లార్చితే కర్బనం బయటికి పోయే వ్యవధి దొరకక లోపలే ఇరుక్కుపోతుంది. అదే మార్టెన్‌సైట్, అదే గట్టిదనం. 70–30 ఇత్తడిలో అలాంటి మార్పు జరగదు. వేడికి దెబ్బతిన్న పాత స్ఫటికాల చోట కొత్తవి పుడతాయి, అంతే. తర్వాత గాలికి చల్లారినా, నీళ్లలో ముంచినా తేడా లేదు. పైన అల్లుడి కేసులకు నీళ్లు వాడేది సెగ అడుగుదాకా పాకకుండా ఆపడానికి మాత్రమే. సార్లిద్దరిలో ఎవరు ఏం చెప్పారో నువ్వు రాయలేదు, కాబట్టి నేను తప్పించుకున్నాను.

ప్రశ్న: మా అమ్మ పెండ్లికి పెట్టిన ఇత్తడి బిందె ఉన్నది. ఇల్లు చిన్నగైందని రెండేండ్ల కింద కోళ్ల ఫారం పక్క గదిలో పెట్టినం. అదే గదిలో యూరియా బస్తాలు కూడా ఉంటయి. ఎవలు ముట్టలేదు, కింద పడలేదు. మొన్న తీసి చూస్తే మెడ కింద పొడుగు పగుళ్లు. అమ్మ దిష్టి అంటున్నది. కారణమేంది?
– ఒక రైతు, హుజూరాబాద్

జవాబు: అమ్మ దిష్టి తీయించుకుంటే తప్పు లేదు కానీ, బిందెను పగలగొట్టింది అమ్మోనియా.

ఈ రోగానికి మన దేశంతో పాత బంధుత్వం ఉంది. బ్రిటిష్ కాలంలో ఇక్కడి సైన్యం నిల్వ చేసిన తూటాలు వానాకాలం గడిచేసరికి ఎవరూ ముట్టకుండానే మెడ దగ్గర పగిలిపోయేవి. గుర్రపుశాలల దగ్గర దాచినవి మరీ ఎక్కువ. ఇంగ్లిషులో దీనికి సీజన్ క్రాకింగ్ అని పేరు పడింది. చాలా ఏళ్లు ఇత్తడిలోనే లోపమనుకున్నారు. చివరికి 1921లో మూర్, బెకిన్‌సేల్, మలిన్‌సన్ అనే ముగ్గురు లోహ శాస్త్రజ్ఞులు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, గాలిలో తేమ, ఇత్తడిలో ముందే దాగి ఉన్న బిగువు, ఈ మూడూ కలిస్తే పగులు పుడుతుంది. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా పుట్టదు.

మీ గదిలో మూడూ ఉన్నాయి. కోళ్ల రెట్ట నుంచి అమ్మోనియా రాత్రింబవళ్లు వస్తుంది. వానాకాలం తలుపు తీస్తే కళ్లు మండేది దానికే. తడిసిన యూరియా మట్టిలో కలిసినా అదే పుడుతుంది. తేమకు మన దగ్గర కొదవ లేదు. ఇక బిగువు అంటారా, బిందెను రేకు నుంచి సాగదీసి, మెడ దగ్గర నొక్కి తయారుచేస్తారు. ఆ నొక్కుడు బిగువు లోహంలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పగుళ్లు మెడ కిందే రావడానికి అదే కారణం. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే చుట్టాలెవరైనా ఉంటే అడగండి, అమ్మోనియా పోయే చోట రాగి, ఇత్తడి అమరికలు పెట్టనివ్వరు.

తూటాల ఫ్యాక్టరీలు దీనికి విరుగుడు కనిపెట్టాయి. తయారైన కేసును 250–300 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే బిగువు సడలుతుంది, గట్టిదనం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. మీ బిందెకు ఇప్పుడు అది పనికిరాదు. పగిలినది వేడితో అతుక్కోదు. ఒక మంచి కంచరి దగ్గరికి తీసుకుపోండి. పగులు కొసన సన్నని రంధ్రం వేస్తే అది ఇంకా పాకకుండా ఆగుతుంది, ఆ తర్వాత వెండి కలిసిన బ్రేజింగుతో పూడ్చవచ్చు. మంచినీళ్లు పోసే బిందె అయితే సీసం కలిసిన మాటు మాత్రం వేయనివ్వకండి. ఫారం పక్క గదిలో ఇంకేమైనా ఇత్తడి ఉంటే ఇవాళే ఇంట్లోకి మార్చండి.

ప్రశ్న: మా నాయన మిలిటరీ నుంచి జ్ఞాపకంగా తెచ్చుకున్న ఖాళీ ఇత్తడి కేసు షోకేసులో నల్లబడింది. సీసాలో అమ్మే ఇత్తడి పాలిష్‌తో తోమవచ్చా, చింతపండు మేలా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: చింతపండే మేలు. పుల్లటి రసం నలుపును మాత్రం కరిగిస్తుంది. అయిదు పది నిమిషాలకంటే నాననివ్వకుండా కడిగి, తుడిచి ఆరబెట్టండి. రాత్రంతా నానబెడితే జింకు కరిగి ఇత్తడి మీద గులాబీ మచ్చలు తేలుతాయి. చాలా సీసా పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది. పూజ సామాన్లకు రాసి వెంటనే కడిగేస్తే పెద్దగా ఏం కాదు, కానీ లోపల బిగువున్న కేసు మూలల్లో అది మిగిలిపోతే హుజూరాబాద్ బిందె కథే. మళ్లీ నింపే ఉద్దేశంతో కేసులు తోమేవాళ్లయితే ఆ సీసా ముట్టనే వద్దు.

ఇంకొకటి. ఆయుధాల చట్టం, 1959 లో మందుగుండు అనే మాటకు దాని భాగాలు కూడా కలుస్తాయి. నాయన సర్వీసు కాగితాలతో పాటు ఆ కేసు ఎక్కడిదో చెప్పే కాగితం ఏదైనా ఉంటే భద్రంగా పెట్టండి. అడుగున ప్రైమరు మీద సూది దిగిన గుంట లేకపోతే మాత్రం అది పేలని ప్రైమరు కావచ్చు. తోమడం, వేడి చేయడం ఏదీ చేయకుండా పోలీసు స్టేషనుకు ఫోన్ చేయండి, చేత పట్టుకుని పోవద్దు.

ప్రశ్న: అన్నా, మాకు తాతల నాటి 12 బోరు తుపాకీ, లైసెన్సు ఉన్నయి. పందుల బాధకు అప్పుడప్పుడు గాల్లో కాలుస్తం. తోటాల ధర మండిపోతున్నది. మా తాత ఇత్తడి కేసులల్ల ఇంట్లనే నింపేటోడట. ఇప్పటి ప్లాస్టిక్ కేసులు ఎన్నిసార్లు నింపవచ్చు?
– ఒక రైతు, జగిత్యాల

జవాబు: తమ్ముడూ, ఒక్కసారి కూడా వద్దు. నీ దగ్గరున్న లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి, తోటాలు కొనుక్కోవడానికి. మందుగుండు తయారుచేయడానికి చట్టం 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి, అది నీ తుపాకీ లైసెన్సులో కలిసి రాదు. పట్టుబడితే తుపాకీ పోవడమే కాదు, ఏళ్ల తరబడి జైలు.

తాత కాలం సంగతి వేరు. మందమైన ఇత్తడి కేసులు, పొగ వచ్చే నల్లమందు. ప్లాస్టిక్ కేసు మూతి నక్షత్రంలా మడతలు పెట్టి మూస్తారు. ఒకసారి పేలి విచ్చుకున్నాక ఆ మడతల దగ్గర సన్నని చీలికలు వస్తాయి, వెలుతురుకు పట్టి చూస్తే కనిపిస్తాయి. నల్లమందు కొలతతో ఇప్పటి పొగరాని మందు పోస్తే తాతల నాటి గొట్టం చీలిపోతుంది. ఆ తుపాకీ గొట్టం పాత డమాస్కస్ రకమైతే, అంటే ఉక్కు మీద చుట్లు చుట్లుగా చారలు కనిపిస్తే, డీలరు దగ్గర కొన్న కొత్త తోటా కూడా పెట్టొద్దు. ముందు లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కు చూపించు. పందుల సంగతికి గ్రామ పంచాయతీలో, అటవీ శాఖ రేంజి ఆఫీసులో దరఖాస్తు పెట్టు. పంట నష్టం ఫొటోలు తేదీతో సహా తీసి ఉంచుకో, దరఖాస్తుకు జత చేయాల్సి వస్తుంది.